నీలి వెలుగు సినిమా చూసొచ్చిన రోజు

ఆ సినిమా విడుదల కోసం మా అమ్మాయి నెల రోజులు ఎదురుచూసింది. పోస్టర్‌లో ఒకవైపు తెల్లకోటు వేసుకున్న తల్లి, ఇంకోవైపు జడలు కట్టిన మాంత్రికుడు తాత, మధ్యలో తన ఈడు పిల్ల. కింద పెద్ద అక్షరాలతో 'సైన్సా? మాయా?' అని రాసి ఉంది.

"అమ్మా, ఇది మనింటి సినిమానే" అంది.

ఆ పోలిక నాకూ నచ్చింది. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మా నాన్నగారు నల్లపాడు దగ్గర మేముండే ఊళ్ళోనే శివాలయంలో అర్చకులు. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నారు. మావారిది ఒంగోల్లో ఉద్యోగం, వారానికోసారి వస్తారు. అందుకని ఇంట్లో వాదించుకోవడానికి నేనూ నాన్నగారే మిగిలాం. గ్రహణం పూట అన్నం తినొచ్చా అన్న దగ్గర మొదలైతే ఇద్దరం ఒక పట్టాన ఆగం. మా అమ్మాయి ఈ గొడవని సినిమా తేల్చేస్తుందనుకుంది.

నాన్నగారు థియేటర్ మెట్లెక్కి చాలా ఏళ్ళయింది. మనవరాలు చెయ్యి పట్టుకుని లాగితే, ఆ ఆదివారం పొద్దుటి పూజ కాగానే కండువా మార్చుకుని బయల్దేరారు. గుంటూరులో మార్నింగ్ షో. హాలు సగం ఖాళీగా ఉంది.

సినిమా మొదలైన కాసేపటికి మాంత్రికుడు కొండ మీద నిలబడి, చేతులు పైకెత్తి, ఊరిని శపించాడు. మేఘాలు నల్లబడ్డాయి, వంతెన కూలింది. నాన్నగారు నా వైపు వంగి, "అమ్మాయీ, వీడు చదివేది శాపం కాదే. పెళ్ళిలో చదివే ఆశీర్వచనం" అన్నారు.

నాకు నవ్వాగలేదు. తర్వాత నా వంతు వచ్చింది. తల్లి ల్యాబులో రాత్రంతా మేలుకుని, బోర్డు మీద ఏదో సూత్రం రాసి, దాంతో ఊళ్ళో రోగానికి మందు కనిపెట్టింది. చూద్దును కదా, అది లోలకం ఊగడానికి పట్టే కాలం సూత్రం. తొమ్మిదో తరగతి పిల్లల చేత కూడా కట్టిస్తాను నేను ఆ లోలకాన్ని. ఇంటర్వెల్ అయ్యాక అదే సూత్రంతో ఆవిడ ఎగిరే బండి కూడా చేసింది.

చివర్లో తల్లీ తాతా కొట్టుకుని, ఏడ్చి, చేతులు కలిపారు. పిల్ల అరచేతిలోంచి నీలి వెలుగు వచ్చింది. వంతెన దానంతటదే లేచి నిలబడింది. అందరూ కౌగిలించుకున్నారు.

లైట్లు వేశారు. మా అమ్మాయి సీటులోంచి లేవలేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"మరి ఆ వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"వాళ్ళు చెప్పలేదు."

"తాతయ్యా, మంత్రం వల్ల వచ్చిందా?"

"అప్పుడెవరూ మంత్రం చదవలేదమ్మా. వయొలిన్లు వాయించారంతే."

ఆటో ఎక్కాక కూడా అది మూతి ముడుచుకునే కూర్చుంది. నాన్నగారు దాన్ని మాట్లాడించాలని కాబోలు, "అయినా మంత్రంతో వంతెన లేవడం నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నారు.

అది గబుక్కున తిరిగింది. "చూడకపోతే మరి రోజూ ఎందుకు చదువుతావు?"

ఆయన దాని వైపు తిరిగారు. "మా నాన్న చదివినట్టు చదవాలని. ఆయన గొంతు ఎక్కడ లేపితే అక్కడ లేపాలి, ఎక్కడ దించితే అక్కడ దించాలి. చిన్నప్పుడు ఒక్క స్వరం తప్పితే మళ్ళీ మొదట్నుంచీ చదివించేవాడు. సరిగ్గా కుదిరిన రోజు లోపల హాయిగా ఉంటుంది."

ఇన్నేళ్ళు ఆయనతో వాదించాను కానీ ఈ ప్రశ్న నేనెన్నడూ అడగలేదు.

ఊరు ఇంకో కిలోమీటరుందనగా రైల్వే గేటు పడింది. ముందు మిర్చి టిక్కీ బస్తాల లారీ ఆగి ఉంది. ఆ ఘాటుకి అందరం తుమ్ముతుంటే, ఎక్స్‌ప్రెస్ ఒకటి కూత వేసుకుంటూ వచ్చి మమ్మల్ని దాటి వెళ్ళింది. నాన్నగారు చెయ్యెత్తారు.

"విన్నారా? వచ్చేటప్పుడు పై స్థాయిలో ఉంది. దాటగానే దిగింది."

"డ్రైవర్ మార్చాడా?" అంది మా అమ్మాయి.

"లేదు, కూత ఒక్కటే" అన్నాను. రైలు మన వైపు వస్తుంటే శబ్దతరంగాలు దగ్గరదగ్గరగా చేరతాయని, వెళ్ళిపోతుంటే దూరందూరంగా పడతాయని, అందుకే స్థాయి మారినట్టు వినిపిస్తుందని క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

అది నన్ను అనుమానంగా చూసింది. "నువ్వూ సినిమావాళ్ళలాగే చెప్పేస్తున్నావు. చూపించు."

గేటు తీశారు. ఇంకో రైలు వచ్చేదాకా ఇక్కడే ఉందామని అది పట్టుబట్టింది. ఆటో అతను, "దిగితే దిగండి మేడం, నాకు అవతల కిరాయి ఉంది" అని వెళ్ళిపోయాడు. ఎండలో చాలాసేపు నిలబడ్డాం. చివరికి ఒక గూడ్సు వచ్చింది. ఎక్కడో దూరాన ఒకసారి కూసి, మా ముందు నుంచి చప్పుడు తప్ప కూత లేకుండా పోయింది. నాన్నగారు కండువా నెత్తిన వేసుకున్నారు. నడిచి ఇంటికి చేరాం.

అన్నాలు తిన్నాక నా స్కూటీ తీశాను. మా వీధి చివర పత్తి చేల మధ్య రోడ్డు తిన్నగా ఉంటుంది. నాన్నగారిని రోడ్డు పక్కన నిలబెట్టి, అమ్మాయిని వెనక ఎక్కించుకుని, దూరం నుంచి హారన్ నొక్కి పట్టి, వీలైనంత వేగంగా ఆయన్ని దాటించాను.

చేలో పత్తి తీస్తున్న పక్కింటావిడ లేచి నిలబడి అరిచింది. "ఏందీ టీచరమ్మా, బ్రేకులు పొయ్యినయ్యా ఏంది?"

"లేదండీ, రైలు ఆట!" అని మా అమ్మాయి వెనక నుంచి కేకేసింది.

వెనక్కి వచ్చేసరికి నాన్నగారి మొహం వెలిగిపోతోంది. "దిగింది! కొంచెమే, కానీ దిగింది."

"ఏం దిగలా, మొదట్నుంచీ ఒకటే మోత" అంది మా అమ్మాయి.

"నీకు చెవి కుదరలేదే."

"నేను హారన్ పక్కనే ఉన్నాను తాతయ్యా!"

ఇద్దరూ నా వంక చూశారు. జవాబు నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. అది స్కూటీ దిగి వెళ్ళి తాతయ్య పక్కన నిలబడింది. నేను మళ్ళీ దూరం పోయి, మళ్ళీ హారన్ నొక్కుకుంటూ వచ్చాను. దాటుతుండగానే దాని అరుపు వినపడింది.

"దిగిందమ్మా! దిగింది! మరి ఇందాక నాకెందుకు వినపడలేదు?"

నాన్నగారు పంచె పైకి దోపుకుని ముందుకొచ్చారు. "ఏదీ, నన్ను ఎక్కించుకో."

ఆయన నా స్కూటీ ఎక్కడం అదే మొదటిసారి. ఒక చేత్తో నా భుజం పట్టుకున్నారు. తల పక్కకి వంచి వింటున్నారని అద్దంలో కనిపించింది. మా అమ్మాయిని దాటాం, ఇంకా ముందుకు పోయాం.

"నిజమేనే అమ్మాయీ, హారన్‌తో పాటే పోతుంటే ఏమీ మారలేదు" అన్నారు నెమ్మదిగా. మళ్ళీ ఆయనే, "అయితే ఈ హారన్‌ది అసలు ఏ స్వరం? అక్కడ పిల్లకి వినపడ్డదా, ఇక్కడ మనకి వినపడ్డదా?" అని అడిగారు.

నేను స్కూటీ పక్కకి తీసి ఆపాను. పుస్తకంలో ఉన్న జవాబు నాకు తెలుసు. దాన్ని ఆయనకి ఏ మాటల్లో చెప్పాలా అని ఆలోచిస్తుంటే, మా అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని మా వైపు పరుగెత్తుకొస్తోంది.