బొజ్జన్నకొండ గుహలో మా బావ

కొత్తగా కెమెరా కొన్నప్పుడు మనుషులు లేని ఫొటోలు తీయాలన్న పిచ్చి పట్టుకుంది నాకు. అందుకోసం అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండను ఎంచుకున్నాను. మధ్యయుగాల దాకా బౌద్ధ భిక్షువులు ఉండి వెళ్ళిపోయిన ఆరామం అది. ఇటుక గోడలు మోకాలెత్తున మిగిలాయి. కొండరాతిలో తొలిచిన గుహలున్నాయి.

తోడుగా మా అక్కమొగుడు బయల్దేరాడు. బావ ఫిషింగ్ హార్బర్ పక్కన ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆ వారమే సింహాచలంలో గుండు చేయించుకున్నాడు. బస్సెక్కింది మొదలు దిగేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. దిగగానే బెల్లం పాకం జీళ్ళు ఒక పొట్లం కొన్నాడు.

కొండెక్కాక ఏ ఫొటో తీసినా అందులో బావే. స్తూపం తీస్తే పక్కన నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. ఇటుక గదుల వరస తీస్తే ఒక గదిలోంచి తల పైకెత్తాడు. పక్కన మనిషి లేకపోతే అది ఎంత ఎత్తుందో చూసేవాళ్ళకెలా తెలుస్తుందని అతని వాదన. చివరికి దండం పెట్టి, కాసేపు ఎక్కడైనా కూర్చోమన్నాను. అలిగాడు. గుండూ మెడా మాడిపోతున్నాయని నా సంచిలోంచి కాషాయం రంగు తువ్వాలు లాక్కుని, భుజాల చుట్టూ కప్పుకుని, ఓ గుహలో నీడకు పోయి బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు.

నేను పైన స్తూపాల దగ్గరుండగా కింద ఏదో సందడి వినిపించి దిగొచ్చాను. గోదావరి జిల్లా నుంచి బస్సు కట్టించుకుని వచ్చిన పెద్దవాళ్ళు గుహ ముందు చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడి ఉన్నారు. లోపల బావ ఉలకడు, పలకడు. నోట్లో వేసుకున్న బెల్లం జీడి పళ్ళకు అంటుకుపోయి నోరు పెగలడం లేదని నాకొక్కడికే అర్థమైంది. ఆగండని చెప్పడానికి అరచెయ్యి ఎత్తాడు. అది దీవెన అనుకుని అందరూ వంగారు. ఒకాయన ముందుకొచ్చి రెండు అరటిపళ్ళు పెట్టాడు. ఒకావిడ, మనసు నిలకడగా ఉండటం లేదు, ఏం చేయమంటారని అడిగింది. బావ కళ్ళు మూసుకుని దవడలు నెమ్మదిగా ఆడించాడు. జపం చేసుకుంటున్నారని వెనక ఎవరో గుసగుసలాడారు. నేను నవ్వు బిగబట్టుకుని ఫొటో తీశాను.

ఎట్టకేలకు జీడి గొంతు దిగింది.

“సెప్పులేసుకోండమ్మా, రాయి కాలతంది,” అన్నాడు బావ. “నాను సామిని కాదు. మా బావమర్ది ఫొటోలు తీత్తన్నాడు. అడ్డమని ఇక్కడ కూసోబెట్టాడు.”

ఆ ప్రశ్న అడిగినావిడే ముందు నవ్వింది. అరటిపళ్ళాయన మొహం చిన్నబోయింది గాని, పళ్ళు తిరిగి అడగలేదు. బావ పొట్లం విప్పి అందరికీ జీళ్ళు పంచాడు, వాళ్ళు మాకు పులిహోర పెట్టారు. మెట్ల మీద కూర్చుని తింటున్నంతసేపూ హార్బర్‌లో వంజరం చేప ఎప్పుడు కొంటే చవకో బావ వాళ్ళకు వివరిస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక ఫొటోలన్నీ అక్కకు చూపించాను. స్తూపాలూ ఇటుకలూ చకచకా జరిపేసి, గుహ దగ్గర ఆగింది.

“పెళ్ళైన కాడ్నుంచి ఈ మనిసి నోరు మూసుకోడం నాను సూడ్లేదు,” అంది.

దాన్నే పెద్దదిగా ప్రింటు తీయించి హాల్లో తగిలించింది. కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళలో ఒకరిద్దరు దానికి దండం పెడుతుంటారు. బావ కాదనడు.