కొబ్బరి లేని పిండి

పి.గన్నవరంలో మా లోవమ్మత్త చేతి వంటకి వంక పెట్టినవాడు లేడు. అలాంటి అత్త కట్టిచ్చిన తిండి తిని, మా సత్తిరాజు మావయ్య అడవిలో పడిపోతే ఇద్దరు మోసుకొచ్చారు. ఆవిడ ఎంత సిగ్గుపడిందో చెప్పలేను.

మావయ్య 1998లో, ఏజెన్సీ కొండల్లో అడవి కొలిచే సర్వే జట్టులో పనికి కుదిరాడు. వెళితే అయిదు రోజులు నడకే. ఎవరి తిండి వాళ్ళే వీపున మోసుకోవాలి. వానాకాలం కట్టెలు అంటుకోవు కనుక వండకుండా తినేదై ఉండాలి. మొదటిసారి ఈ మహానుభావుడు మూడు కొబ్బరికాయలు, సీసాడు ఆవకాయ, బియ్యం సంచీ ఎత్తుకుని బయల్దేరాడు. అడవికా, వియ్యాలవారింటికా? మొదటి కొండ ఎక్కేసరికే అరమైలు వెనకబడ్డాడు.

రెండోసారి అత్త రంగంలోకి దిగింది. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, తిరగలిలో విసిరి, బెల్లం కలిపింది. అక్కడితో ఆగితే బాగుండేది. కొబ్బరి పడకపోతే అది తిండే కాదని మా కోనసీమవాళ్ళ పిచ్చి! రెండు చిప్పల పచ్చికొబ్బరి కోరి కలిపేసింది. మూడో రోజుకి పిండి జిగురొచ్చి వాసన కొట్టింది. వేరే తిండి లేక మావయ్య అదే తిన్నాడు. వాంతులతో కూలబడ్డాడు. జట్టు పెద్ద కామేశ్వరరావు గారు, "ఇంకోసారి ఇలాగైతే మీరు ఇంటి దగ్గరే ఉండిపోవాలండీ" అని చెప్పేశారు.

అత్త బెంగ ఉద్యోగం గురించి కాదు. "నా చేత్తో నేనే ఆయన్ని చంపేసేదాన్నే అమ్మా" అని నా దగ్గర ఏడ్చింది.

మూడోసారి కొబ్బరి మాటెత్తలేదు. బియ్యం, పప్పు, వేరుశనగ గుళ్ళు వేయించి విసిరి, ఎండిన బెల్లం పొడి, కాస్త శొంఠి కలిపింది. చెయ్యి తడి కూడా తగలనివ్వలేదు. ఒక మూట ఆరు రోజులు చూరుకి కట్టి ఉంచింది. తరవాత అందులోంచి రెండు గుప్పెళ్ళు నీళ్ళలో కలుపుకు తాగి, ఆ బలం ఎంతదూరం నడిపిస్తుందో చూడాలని కాలవగట్టున సాయంత్రందాకా నడిచింది. వెంట నడిచిన నాకు కాళ్ళు పీకాయి.

"చాలత్తా, ఇంటికి పోదాం."

"ఇంకో మైలు నడవ్వే!"

మొండి మనిషి. పిండి తేలికే కదా అని రెట్టింపు చేసి, ప్లాస్టిక్ కవర్లో బిగించి మావయ్యకిచ్చి పంపింది.

అయిదో రోజు మావయ్య రాలేదు. ఆరో రోజూ రాలేదు. కొండల్లో వానలని రేడియోలో చెప్పారు. తను పరీక్షించింది ఆరు రోజులకే కదా, ఏడో రోజు పిండి ఏమవుతుందో అని అత్త అన్నం మానేసింది. మేమెంత బతిమాలినా మెతుకు ముట్టలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మావయ్య బస్సు దిగి, గడ్డంతో, బురద బట్టలతో గుమ్మంలోకొచ్చాడు. అత్త ముందు ఆయన నుదుటి మీద చెయ్యేసి చూసింది, తరవాత పొట్ట మీద.

"నాకేం కాలేదే. వాగు పొంగి రెండ్రోజులు అవతలే ఉండిపోయేం. మిగతావాళ్ళ తిండి తడిసి పాడైపోయింది. నలుగురం నీ పిండే తిన్నాం. ఈసారి అందరికీ నిన్నే చేసిమ్మన్నారు కామేశ్వరరావు గారు."

"చెడలేదాండీ?"

"ఆయ్, ఆఖరి గుప్పెడు కూడా కమ్మగానే ఉంది."

అత్త గడప మీద చతికిలబడి భోరుమంది. అంత హాయిగా ఏడ్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కాసేపటికి ముక్కు చీదుకుని, నా వైపు తిరిగి కసిరింది.

"అలా చూస్తావేంటే? ఆకలేస్తోంది, ఇద్దరికీ అన్నం పెట్టు."