అలావ మీద సిమెంటు

మొన్న మా చిన్నబిడ్డ ఫోన్‌లో స్పెయిన్ దేశంలోని సెవిల్ అనే పాతనగరపు పండుగ చూపించింది. మేరీమాత విగ్రహమున్న పెద్ద పల్లకీని కింద దూరిన మనుషులు మెడల మీద మోస్తుంటే, నేను అలవాటు కొద్దీ ఒక్కొక్కరి మీద ఎంత బరువు పడుతుందో లెక్క కడుతున్నాను. చదువు ఐదో తరగతితో ఆగినా కట్టెల కొలతలు, ఇటుకల లెక్కలు సొంతంగా నేర్చుకుని బతికినవాణ్ణి. అంతలో బిడ్డ చదివి చెప్పింది, పల్లకీలకు అడ్డమొస్తాయని అక్కడ నడివీధిలో ట్రాము కరెంటు తీగలే తీసేశారట. ఆ మాటకు ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కాదు.

పెద్దవంగర దాటాక ఉండే మా ఊళ్ళో పీరీల చావడి ముందు అలావ ఉండేది, పండుగ రోజుల్లో నిప్పులు మండే గుండం. మొహర్రం నెలవంక కనబడ్డ సాయంత్రం దాన్ని తవ్వే మొదటి పార వేటు మా ఇంటిది, నిప్పు వెయ్యడం చావడి చూసుకునే ముజావర్ తాత ఇంటిది. తవ్వినవాళ్ళే చివరి రోజు పూడ్చాలి, పూడ్చనిదే పీరీలు నిమజ్జనానికి వాగుకు కదలకూడదు. మేము హిందువులమని గానీ, వాళ్ళు ముస్లింలని గానీ ఈ పని పంచిన పెద్దలు తలిచినట్టు లేదు.

తెలంగాణ ఇస్తున్నామని చెప్పి మళ్ళీ మాట వెనక్కి తీసుకున్న ఆ చలికాలంలోనే పండుగ వచ్చింది. అలావ తవ్విన మా అన్నను రాస్తారోకోలో పోలీసులు పట్టుకుపోయారు. చివరి రోజు పొద్దు వంగింది, డప్పులు ఆగాయి. ఇంకెవరైనా పూడ్చండని కొందరు తొందరపెడితే ముజావర్ తాత గడప మీద కూర్చుండిపోయాడు.

"ఠైరో బేటా. గా పిలగాడు రాంది పీరు కదలడు."

"పీరుకు కోపమొస్తదేమో మామా," అంది మా అవ్వ, కొడుకు కోసం కళ్ళు తుడుచుకుంటూ.

"మాకు లేని కోపం పీరుకెక్కడిది బిడ్డా?"

దీపాలు పెట్టే వేళకు మా దగ్గరి ఉద్యమ నాయకుడొకాయన అన్నను విడిపించి తన జీపులోనే తెచ్చాడు. ఆ మేలు కాదనను. అన్న చెప్పులు విడిచి నేరుగా పార అందుకున్నాడు. నాయకుడు అలావ బూడిద నుదుట పెట్టుకుని, ఊరంతా వింటుండగా, "అవ్వా, తెలంగాణ రానియ్యి, గీ జాగ సుట్టు గోడ కట్టిచ్చి కాపాడుత," అన్నాడు.

తెలంగాణ వచ్చింది. ఆయనకు పదవి వచ్చింది. చావడి ముందుకు సిమెంటు రోడ్డు వచ్చింది. గుండం పక్కనుంచి మళ్ళించడానికి జాగ ఉందని నేను తాడు పట్టి కొలిచి చూపించాను, ఆయన తాడు వైపు చూడనైనా లేదు. అన్న పార పట్టుకుని గుండంలో నిలబడితే, "అభివృద్ధికి అడ్డం పడకు తమ్మీ," అన్నాడు.

"రోడ్డుకు అడ్డం పడుడు నువ్వే నేర్పితివి గదన్నా!"

జనం నవ్వారు. నవ్వినవాళ్ళే ఇళ్ళకు పోయారు, మర్నాడు కంకర పడింది. గుండం ఏమిటో తెలియని పరాయివాడు పూడిస్తే ఇంత మంట ఉండేది కాదు. ఆ బూడిద నుదుట పెట్టుకున్నవాడే పూడ్చాడు. ఆ ఏటి పండుగకు ముజావర్ తాత ఇనుప తట్టలో నిప్పులు పోసి, ఇదే అలావ అనుకోమన్నాడు. ఆ తర్వాత ఆయనా లేడు.

నా ఈడువాళ్ళారా, ఉద్యమంలో రోడ్ల మీద కలిసి వండుకుని తిన్నవాళ్ళం మనం, మనది మనకు కావాలని గొంతులు చించుకున్నాం. ఇప్పటికీ నెలవంక కనబడితే అన్న పార తీసుకుపోయి అలావ ఉన్నచోట సిమెంటు మీద ఒక్క వేటు వేసి వస్తాడు. ఒకప్పుడు మెత్తటి మట్టిలో పడ్డ ఆ వేటు ఎవరికీ వినబడేది కాదు, అయినా ఊరంతా అక్కడే ఉండేది. ఇప్పుడు ఊరంతా వినబడుతుంది. ఎవరూ బయటికి రారు.