ఇద్దరికని కలిపిన పిండి

కుమగాయ్ సెత్సుయో ఇవాతే కొండల్లోని ఒక బడి వంటశాలలో ముప్ఫై ఆరేళ్ళు వండింది. రోజుకు రెండువందల ఎనభైమంది పిల్లలకు. ఇంట్లో రాత్రి వంట మాత్రం భర్త కింజిదే. పొద్దంతా వండి వచ్చిన మనిషిని మళ్ళీ పొయ్యి ముందు నిలబెట్టడానికి ఆ పోస్ట్‌మ్యాన్‌కు మనసొప్పేది కాదు.

మార్చి ఆఖర్న ఆమె పదవీ విరమణ చేసింది. మర్నాడే "ఇక నువ్వు కూర్చో" అని వంటగది తన చేతుల్లోకి తీసుకుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇద్దరికి ఉప్పు ఎంత వెయ్యాలో ఆమెకు తెలియదు. మొదటిరోజు సోయా ముద్ద కలిపి కాచిన మిసో చారు ఉప్పుకు నోట పెట్టలేకపోయారు. రెండోరోజు భయపడి తగ్గించింది.

"ఏమే, ఇది చారా, గిన్నె కడిగిన నీళ్ళా?" అన్నాడు కింజి.

"అంతమంది పిల్లలు ఒక్కమాట అన్లేదు. నీకే వచ్చింది నోరు!"

"పాపం, పసివాళ్ళు. నీకు భయపడి ఉంటారు."

ఆ ఆదివారం ఏప్రిల్ అని కూడా చూడకుండా మంచు పడింది. కిటికీలోంచి చూడగానే సెత్సుయోకి హిత్సుమి మీదికి మనసు పోయింది. గోధుమపిండి ముద్దని సాగదీసి, చేత్తో తెంపి, కూరముక్కల చారులో ఉడికించడమే హిత్సుమి. బడికి ఆ ముక్కలు తయారై ప్యాకెట్లలో వచ్చేవి. తన చేత్తో ఆ పిండి పిసికి ఎన్నేళ్ళయిందో! చిన్నప్పుడు అమ్మ ఒక చేత్తో పిండినీ, రెండో చేత్తో కూతురి చెవితమ్మెనూ నొక్కి చూసేది. రెండూ ఒకే మెత్తన అయితే పిండి కుదిరినట్టు. సెత్సుయో తన చెవి తానే పట్టుకుని చూసుకుంటూ, నవ్వుకుంటూ పిసికింది.

తడిబట్ట కప్పి నాననిచ్చాక గానీ కింజి అటు చూడలేదు.

"మనం ఇద్దరమే కదే! ఇది ఊరికి పెట్టే పిండి."

సెత్సుయో తొంగిచూసింది. మూడు కిలోల సంచీ ఖాళీ. పచ్చళ్ళ కుండంత గిన్నెలో కోడిమాంసం, క్యారెట్టు, గొబో దుంప కుతకుతలాడుతున్నాయి. ఆమె నేలమీద కూలబడి కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. కింజి బూట్లు తొడుక్కున్నాడు. నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచిన వీధే కదా, ఏ తలుపు కొట్టాలో అతనికి ఒకరు చెప్పాలా?

అరగంటలో పదిహేనుమంది తమ తమ గిన్నెలతో వచ్చారు. అందరికీ తలో ముద్ద ఇచ్చి పొయ్యి చుట్టూ నిలబెట్టింది సెత్సుయో. "కాగితంలా పల్చగా సాగదీసి తెంపండి. కింజీ, అవి ముక్కలా, పార్సిళ్ళా?"

అందరూ గొల్లుమన్నారు.

వడ్రంగి ఒయికవ తత్సువో మూడో గిన్నె చాపాడు. నలభై దాటిన భారీ మనిషి.

"పిన్నీ, ఇందులో గొబో ఉందా?"

"రెండు గిన్నెలు తిన్నాక అడుగుతున్నావా?"

"బళ్ళో గొబో పెట్టినప్పుడల్లా ముక్కలు జేబులో దాచి, దారిలో కుక్కకి వేసేవాణ్ణి. ఇప్పుడు చెప్పినా కొట్టవుగా?"

"అందుకా నీ గిన్నె అంత శుభ్రంగా వచ్చేది! నేను ఎంత మురిసిపోయానురా వెధవా!"

నవ్వులు ఆగాక సెత్సుయో గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బడిలో వంటశాల గోడకు ఇవతల. పిల్లలు తరగతుల్లో తినేవారు, ఖాళీ గిన్నెలు తెచ్చి గట్టు మీద పెట్టి, వంగి దణ్ణం పెట్టి వెళ్ళేవారు. తను వండింది వాళ్ళు తింటుండగా ఆమె ఒక్కసారీ చూసింది లేదు. ఇవాళ ఊదుకుంటూ, ముక్కులు తుడుచుకుంటూ, ఇంత దగ్గర్లో తింటున్నారు. ఒక్కొక్క ముఖాన్నీ తనివితీరా చూసింది.

"నువ్వు తినవే?" కింజి గిన్నె అందించాడు. "నా పార్సిళ్ళన్నీ ఏరి నీకే వేశాను."

అవి లావుగా, మధ్యలో ఇంకా కాస్త పచ్చిగా ఉన్నాయి. సెత్సుయో ఒక్కటీ వదలకుండా తింది.