సామాన్ల దగ్గర మనిషి

తెనాలిలో మా ఇంట్లో సముద్రం అంటే సూర్యలంకే. చీరాల వైపు వాడరేవు ఉందని, రామాపురంలో రిసార్టులు లేచాయని, హైదరాబాదు కార్లన్నీ అటే పోతున్నాయని మా తమ్ముడు ఎన్నిసార్లు చెప్పినా మావాళ్ల చెవికెక్కదు. క్రిస్మస్ సెలవుల్లో ఒకరోజు వ్యాను మాట్లాడుకోవాలి. బిర్యానీ గిన్నె, పెరుగన్నం డబ్బా ఎక్కించాలి. బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్లి ఒంటినిండా ఇసుకతో తిరిగి రావాలి. అది మా వంశాచారం.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ప్రశ్నలడగడం నా ఉద్యోగం, జబ్బు కూడా. అలాంటి నాకు నలభై ఏళ్లు వచ్చేదాకా ఒక ప్రశ్న మాత్రం తట్టలేదు. మేమంతా నీళ్లలో ఉంటే ఒడ్డున సామాన్ల దగ్గర ఎప్పుడూ మా పిన్నే ఎందుకుంటుంది?

పిన్ని అంటే మా బాబాయి భార్య. వ్యాను దిగగానే దుప్పటి పరిచి మధ్యలో కూర్చునేది. చుట్టూ చెప్పులు, వాచీలు, ఫోన్లు, కళ్లజోళ్లు చేరేవి. అలకి ఎక్కడ కొట్టుకుపోతుందోనని బాబాయి తన పళ్లసెట్టు కూడా రుమాల్లో చుట్టి ఆవిడ చేతికిచ్చేవాడు. ఎవరైనా మర్యాదకి "నువ్వూ రా" అంటే మిగతావాళ్లే జవాబు చెప్పేవాళ్లు: "దానికి నీళ్లంటే భయం." పిన్ని నవ్వేది. ఆ నవ్వుకి అర్థం అవునని మాకు మేమే తేల్చుకున్నాం.

కిందటేడు రేపల్లె అవతల, నగరం మండలంలో ఒక పల్లెటూళ్లో పెళ్లికి వెళ్లాం. పిన్ని పుట్టిల్లు ఆ పక్కనే. చర్చి బయట కుర్చీలో కూర్చున్న ఒక ముసలావిడ పిన్నిని చూసి నా వైపు తిరిగింది. "ఈవిడ మీ ఇంటి కోడలా? చిన్నప్పుడు కాలవలో దిగితే పైకొచ్చేదే కాదమ్మా. వాళ్లమ్మ బెత్తం పట్టుకొని గట్టు మీద కూర్చునేది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదిపోయి, అక్కడ నిలబడి వెక్కిరించేది."

నేను పిన్ని వైపు చూశాను. ఆవిడ ప్లేటులో గారె వైపు చూసింది.

ఇక నేను ఊరుకుంటానా? తిరుగు ప్రయాణంలో, రేపల్లె నుంచి తెనాలి దాకా బస్సులో పక్కనే కూర్చొని పీక్కుతిన్నాను. వేమూరు దాటాక గాని చెప్పలేదు.

"పెళ్లైన ఏడు మావాడు కడుపులో ఉన్నాడే. మీ నాయనమ్మ 'నువ్వు దిగమాక, సామాన్లు చూడు' అంది. మరుసటేడు వాడు చంకలో ఉన్నాడు. మూడో ఏడు దిగుదామని లేచాను. మీ అత్త చూసి, 'అయ్యో, నీకు భయం గదా, నువ్వు కూర్చో' అని తన చెప్పులు కూడా నా పక్కన విడిచి పోయింది. ఏమంటాను? తర్వాత నేనే అనేదాన్ని, భయమని. అట్టా అంటే ఇంకెవరూ అడగరు. గొడవుండదు."

నాకు ఒళ్లు మండింది. కాని ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఆ చెప్పుల కుప్పలో ఏటా నావీ ఉన్నాయి.

"ఇప్పుడు దిగాలనుందా?" అని అడిగాను.

"వచ్చే నెల మోకాలి ఆపరేషనుంది. ఆ తర్వాత ఇసకలో నడవనిస్తారో లేదో. ఈలోపల ఒక్కసారి... ఇంట్లో చెప్పమాకే. నవ్వుతారు."

మరుసటి వారం స్కూలుకి సెలవు పెట్టాను. ఒక్క సంచి కూడా తేవొద్దని పిన్నికి గట్టిగా చెప్పాను. స్టేషన్‌కి పెద్ద సంచితో వచ్చింది. అందులో రెండు తువ్వాళ్లు, మార్చుకోవడానికి చీర, నీళ్ల సీసా, జంతికలు, ఉడకబెట్టిన గుడ్లు. "ఏమో, చెయ్యి ఊరుకోలేదు," అంది. బాపట్లలో రైలు దిగి ఆటో ఎక్కాం. దారంతా ఆవిడ కబుర్లు కాలువ గురించే. నీళ్లలో కళ్లు తెరిస్తే ఏం కనిపిస్తుందో, ఎంతసేపు ఊపిరి బిగపట్టొచ్చో చెబుతుంటే నేను నోరు తెరుచుకొని విన్నాను.

ఇసుకలో అడుగు పెట్టగానే పిన్ని సంచి దించి దాని పక్కన చతికిలబడబోయింది. రెక్క పట్టుకొని లేపాను. మరి సంచి ఎవరు చూస్తారు? మేమిద్దరం ముఖాలు చూసుకుంటుంటే, రెండు బారల దూరంలో చాప మీద కూర్చున్న ఒకావిడ పిలిచింది. ముప్పై ఏళ్లుంటాయేమో. చుట్టూ సంచులు, చెప్పులు. నీళ్లలోంచి పిల్లలు "అమ్మీ, అమ్మీ" అని ఆవిడకి చేతులూపుతున్నారు.

"ఇట్టా పెట్టండక్కా. మాది రేపల్లె. నేను ఎట్టాగూ కదలను. నాకు నీళ్లంటే భయం."

పిన్ని ఆవిడని అలాగే చూసింది. సంచి ఆవిడ పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, నా చెయ్యి పట్టుకొని సముద్రం వైపు నడిచింది.

మొదటి అల పాదాల దాకా వచ్చింది. రెండోది మోకాళ్ల దాకా వచ్చి, పోతూ పోతూ కాళ్ల కింది ఇసుకని లాగేసింది. పిన్ని గోళ్లు నా మణికట్టులో దిగబడ్డాయి. "మోకాలు నొప్పా?" అన్నాను.

"కాదే. భయమేస్తంది."

"ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను పిన్నీ. నా దగ్గర కూడా నాటకమా?" అని నవ్వాను. తల తిప్పి చూస్తే ఆవిడ పెదాలు వణుకుతున్నాయి. నా నవ్వు ఆగిపోయింది.

"కాలవ ఈదినదాన్ని," అంది పిన్ని. "ఏంటే ఇది? నిజంగానే భయమేస్తందేంటే?"

నాకు ఏడుపొచ్చింది. వెనక్కి వెళదామన్నాను. వద్దని తలూపింది. నా చెయ్యి వదలకుండా, ఇంకో అడుగు ముందుకి వెయ్యకుండా, ఐదారు అలలు వచ్చిపోయేదాకా అక్కడే నిలబడింది. వంగి దోసెడు నీళ్లు తీసుకొని ముఖం కడుక్కుంది. ఆ తర్వాతే వెనక్కి తిరిగింది.

ఒడ్డుకొచ్చాక తువ్వాలు కూడా తీసుకోలేదు. తడి చీరతోనే ఆ రేపల్లె ఆవిడ పక్కన ఇసుకలో కూర్చుంది.

"అమ్మాయ్, నీకు నీళ్లంటే నిజంగా భయమా, ఊరికే అన్నావా?"

ఆవిడ కంగారుపడింది. నీళ్లలో ఉన్న తనవాళ్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఊరికేనండి," అంది.

"అయితే ఇయ్యాలే దిగు తల్లీ," అంది పిన్ని. "తర్వాత నిజమైపోద్ది."