ఒక్కపొద్దు మీద తోలిన బండి

"ముందుగాల గీ నీళ్లు తాగు. తర్వాత బండి తాళం ముట్టు."

"ఎన్నిసార్లు చెప్పాలె అమ్మా? రేపు తెల్లారుగట్ల ప్రార్థన అయినంక తాగుత. మొక్కును నడుమల ఎవరన్న ఇడుస్తరా?"

"మొక్కుకున్నది నువ్వు. నీ బండ్లె కూసునేటోళ్లు మొక్కుకున్నరా?"

"నిన్న పోయి రాలేదా నేను? ఏమన్న అయిందా?"

"నిన్న కాలేదని ఇయ్యాల కాదా? నిన్న నీ మొఖం గిట్ల లేదు. అద్దంల చూసుకో. పెదవులు నెర్రెలు వాసినయి."

"చిన్నప్పటి సంది ఒక్కపొద్దు ఉండుడు నేర్పింది నువ్వే. ఇప్పుడు నువ్వే నీళ్ల చెంబు పట్టుకోని ఎంటవడుతున్నవు. వేరే శోధన ఎందుకు, ఇంట్లనే ఉన్నది."

"ఓరి, తల్లినే శోధన జేసినవా? బాగుంది. నేను ఒక్కపొద్దున్న నాడు బాసండ్లు తోమిన, బట్టలు పిండిన. కండ్లు తిరిగితె గోడకు ఒరిగిన. నువ్వు దేనికి ఒరుగుతవు? స్టీరింగుకా?"

నా కొడుకు చెంబు పక్కకు జరిపి, తాళం తీసుకోని బయటికి నడిచిండు.

అది గుడ్ ఫ్రైడే మరునాడు, శనివారం, అప్పుడే పొద్దు పొడిసిన యాళ్ల. మేము దేవరయాంజాల్ కాడ ఉంటం. ఏడు సీట్ల బండి ఒకటి కొనుక్కోని కిరాయికి తోలుకుంటడు నా కొడుకు. కోడలికి ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలే. ఈసారి బిడ్డ దక్కాలెనని నా కొడుకు మొక్కుకున్నడు. గురువారం రాత్రి బువ్వ తిన్నడు. ఈస్టరు తెల్లారుగట్ల ప్రార్థన అయ్యేదాక అన్నం లేదు, నీళ్లు లేవు. కటిక ఒక్కపొద్దు. మా సంఘంల ఇట్ల ఉండేటోళ్లు చానమంది ఉన్నరు. వాళ్లు ఇంట్ల ఉంటరు, చర్చిల ఉంటరు. దానికి నేను వద్దనలే, ఎన్నడూ అనలే.

కని మూడు రోజుల సెలవు వచ్చింది. కిరాయిలు వచ్చేదే అప్పుడు. శుక్రవారం చర్చిల మూడు గంటల ఆరాధన అయిందో లేదో, కిరాయి మీద కిరాయి తోలి, ఆఖరుకు ఎవరినో మేడ్చల్ అవతలికి దింపి అర్ధరాత్రి దాటినంక వచ్చిండు. పొద్దుగాల్నే లేచి మళ్ల కొంపల్లి నుంచి ఒక కుటుంబాన్ని సిద్దిపేట తొవ్వల గుడికి తీసుకపోవాలె. తిండి లేదు, నీళ్లు లేవు, నిద్ర లేదు. ఏప్రిల్ ఎండ.

కోడలు తలుపు పట్టుకోని నిలవడ్డది. "నేనూ వద్దన్న అత్తమ్మా," అన్నది. "నీ కోసమే కద అంటడు. ఇగ ఏం మాట్లాడాలె?"

నేను సక్కగ అయ్యగారి ఇంటికి పోయిన. మా పాస్టరుగారు చర్చి ఎనుకనే ఉంటరు. వాకిట్లనే నిలవడి చెప్పిన.

"అయ్యగారూ, మీ మాటయితె వింటడు. నీళ్లన్న తాగుమని చెప్పుండ్రి."

"అమ్మా, అది ఆయనకు దేవునికి నడుమ ఉన్న మాట. నేనెట్ల వద్దంట?"

"ఉపాసం ఉండుమన్నడేమో దేవుడు. బండి తోలుమన్నడా?"

అయ్యగారు లోపటికి పోయి ఫోను తెచ్చి కలిపిండు. మోగి మోగి ఆగింది. మళ్ల కలిపిండు. ఎత్తలే. తోలుకుంట ఫోను ఎత్తడు నా కొడుకు. ఎవరు జేసినా ఎత్తడు. గా మంచి అలవాటు ఆ రోజు నాకు పగ అయింది.

నేను మూడో తరగతి దాక సదివిన. వాక్యం సదివేటంత వచ్చు, రాసుకునేటంత వచ్చు. సదువు తక్కువైనా ఆకలి సంగతి నాకు బాగ ఎరుక. తినక ఒకపూట అయితె కడుపు గోల జేస్తది. రెండో రోజు గోల ఆగుతది. తేలికగ అనిపిస్తది, మనిషికి తాను బాగనే ఉన్న అనిపిస్తది. గప్పుడే కండ్లు మోసం జేస్తయి.

పొద్దు వాలుతుంటె నా కొడుకు కోడలికి ఫోను జేసిండు. శామీర్‌పేట కాడికి వచ్చిండట. కిరాయోళ్లు చాయ తాగనీకె రోడ్డు పక్కన హోటల్ కాడ దిగిండ్రట. బండ్లు మస్తు జాం ఉన్నయి, తగ్గేదాక ఈడనే ఉంటం, ఇంటికి ఆలస్యమైతదని చెప్పి పెట్టేసిండు. గొంతు గరగర అంటున్నదని కోడలు చెప్పింది. నేను సీసల ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పోసుకోని షేరింగ్ ఆటో ఎక్కిన.

సెలవులు వస్తె సిటీ అంత మా రోడ్ల మీదనే ఉంటది. కార్ల టాపులకెళ్లి పోరగాండ్లు సగం బయటికొచ్చి చేతులూపుతున్నరు. సామాన్లు మోసే ట్రాలీల మనుషులు నిలవడి పోతున్నరు, అండ్ల చంటిపిల్లల తల్లి ఒకామె. ఒక్క బైకు మీద ముగ్గురు. పుచ్చకాయలు కనవడంగనే ఎనక ఎవరొస్తున్నరో చూడకుంట బ్రేకు కొట్టేటోడు ఒకడు. ఇంకోడు ఎదురుంగ రాంగ్ రూట్ల వచ్చుకుంట మా ఆటో డ్రైవరునే తిడుతున్నడు. ఆటో డ్రైవరు నవ్విండు. "అవ్వా, మూడు రోజులు గింతే. సోమవారం దాక బతికితె బతికినట్టు," అన్నడు. నాకు నవ్వు రాలే.

హోటల్ కాడ నా కొడుకు బండి బానెట్ మీద రెండు చేతులు ఆనిచ్చి, తల వంచుకోని నిలవడ్డడు. కిరాయోళ్లు కుర్చీలల్ల ఉన్నరు. ఒక ముసలాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. నన్ను చూసి నా కొడుకు అదిరిపడ్డడు.

"నువ్వెందుకొచ్చినవు?"

"తాగు."

"అమ్మా, ఇజ్జత్ తియ్యకు. అందరు చూస్తున్నరు."

"చూడనీ."

ఆ ముసలామె లేచి దగ్గరికొచ్చింది. "ఏమైందమ్మా? జ్వరమా ఏంది?"

"జ్వరం కాదమ్మా. గురువారం రాత్రి సంది నా కొడుకు నీళ్లు ముట్టలే. మొక్కున్నది."

ఆమె కొడుకు చాయ గ్లాసు కింద పెట్టిండు. "ఏందీ! మరి చెప్పకపోతివేంది డ్రైవరూ? తొవ్వల రెండుసార్లు బ్రేకు ఆలస్యంగ కొట్టినవు. నిద్ర సాలలేదేమో అనుకున్న."

"బాగనే తోలుతున్న గద సార్," అన్నడు నా కొడుకు.

ముసలాయన నవ్వుకుంటనే అన్నడు: "మేము గూడ మొక్కుకే పోయొస్తున్నం తమ్మీ. పొద్దుగాల ఇడ్లీలు తినే పోయినం. దేవుడేమనలే."

నవ్వు ఎవరికీ అంటలే. వాళ్ల కోడలు అప్పటికే పిల్లల చేతులు పట్టుకోని బండ్లెకెళ్లి సంచులు దించుతున్నది. ఫోన్ల వేరే బండి పిలిపించుకున్నరు. రావలసిన కిరాయి నా కొడుకు చేతుల పెట్టి, వచ్చిన బండి ఎక్కి పోయిండ్రు. పోతపోత ఆ ముసలామె నా భుజం తట్టింది.

"సల్లవడ్డదా నీ పానం?" అన్నడు నా కొడుకు. "రేపటి కిరాయి గూడ వాళ్లదే ఉండె."

"బండి ఈడనే పెట్టు. ఆటోల ఇంటికి పోదాం."

"రోడ్డు మీద బండి ఇడిసిపెట్టి యాడికి వస్త? ఎక్కితె ఎక్కు, లేకుంటె లేదు."

తాళం గుంజుకోబోయిన. చెయ్యి ఎనక్కి తీసుకున్నడు. ఒక్కణ్ణి పంపబుద్ధి కాక నేను ముందు సీట్ల కూసున్న. అంత కోపంల గూడ నా మీదికెళ్లి వంగి బెల్టు పట్టా లాగి పెట్టిండు. తాను గూడ పెట్టుకున్నడు.

మా తొవ్వ దిక్కు మలిగినంక బండ్లు పలచవడ్డయి. గాలి వచ్చింది. జాంల ఉన్నంతసేపు తిట్టుకుంట, హారను కొట్టుకుంట మెలుకువగ ఉన్నడు. రోడ్డు ఖాళీ కాంగనే మెత్తవడ్డడు. పొద్దు గూకుతున్నది, ఇంకా ఎలుతురున్నది. ముంగట రోడ్డు కిందికి దిగి, మట్టిల, ఒక మొగడు పెండ్లాల బైకు ఆగి ఉన్నది. ఆమె కొంగు చక్రంల పడబోతున్నదేమో, దిగి కొంగు నడుముకు చెక్కుకుంటున్నది. ఆయన బైకును రెండు కాళ్ల నడుమ పట్టుకోని, ఎనక్కి తిరిగి ఆమెకు ఏందో చెప్తున్నడు. పద్ధతిగ పక్కకు ఆపుకున్నరు.

నా కొడుకు తల ముందుకు వాలింది. "ఏయ్" అని ఒర్లిన. భుజం పట్టి గుంజిన. బండి ఎడమకు పోయింది.

చప్పుడు పెద్దగ రాలే. అద్దం పగిలింది. బెల్టు నా రొమ్మును కోసినట్టు పట్టింది. నేను దిగి చూసేసరికి ఆమె మట్టిల కూసోని, ఇరిగిన చెయ్యిని ఇంకో చేత్తోని పట్టుకోని ఆయనను పిలుస్తున్నది. ఆయన పలకలే. నా కొడుకు ఆయన తల కింద చెయ్యి పెట్టిండు. నేను తెచ్చిన సీస మూత తీసి ఆయన నోటికాడ పెట్టిండు. నీళ్లు పక్కకు కారినయి.

మనుషులు కూడిండ్రు. తాగి తోలిండని ఇద్దరు కొట్టిండ్రు. పోలీసులు వచ్చి గొట్టం పెట్టి ఊదుమన్నరు. ఊపిరి సాలక మూడుసార్లు ఊదిండు. అండ్ల ఏం రాలే. ఆ పోలీసాయన గొట్టం దిక్కు చూసి, నా దిక్కు చూసిండు.

"మందు తాగలే సారూ," అన్న నేను. "నీళ్లు గూడ తాగలే."

తెల్లారింది. ఆదివారం. చర్చిలకు పోయేటోళ్లు తెల్లబట్టలల్ల నడుస్తున్నరు, ఎక్కడిదో మైకుల పాట వినవస్తున్నది. నేను స్టేషనుకు పోయేసరికి నా కొడుకు గోడకు ఒరిగి కింద కూసున్నడు. రాత్రి పోలీసులిచ్చిన చాయ ముట్టకుంట అట్లనే ఉన్నది, మీద మీగడ కట్టింది. మా కాడ ప్రార్థన ముగిసే యాళ్ల అయినంక, స్టేషను కుండల నీళ్లు ముంచుకోని తాగిండు. "ఆయన?" అని అడిగిండు. రాత్రే దవాఖానల పానం పోయిందని చెప్పిన. నేను తీసుకపోయిన అన్నం రెండు ముద్దలు తిని కక్కుకున్నడు.

ఆడికెళ్లి దవాఖానకు పోయిన. శవాల గది ముంగట చెట్టు నీడకు ఆయన మనుషులున్నరు. ఆయన భార్య చేతికి పట్టీ ఉన్నది. నువ్వెవరని అడిగింది. చెప్పిన. ఆమె మొఖం తిప్పుకున్నది. ఆయన తమ్ముడు వచ్చి నన్ను బయటికి పొమ్మన్నడు. గేటు బయట నిలవడ్డ.

పోస్టుమార్టం అయినంక శవాన్ని బండ్లె ఎక్కించిండ్రు. ఆమె డ్రైవరు పక్కన కూసున్నది. బండి పోయినంక నేను బస్సెక్కి ఇంటికొచ్చి, కోడలికి బువ్వ వండిన.