దేవదానం సార్ నడిచిన రన్‌వే

ఆళ్లగడ్డలో నేను నడిపే డ్రైవింగ్ స్కూలు కారులో క్లచ్ ప్లేటు కాలిన వాసన రాని వారం ఉండదు. నిన్న కూడా వచ్చింది. కొత్తగా చేరిన ఒక టీచరమ్మ అహోబిలం రోడ్డులో ఎత్తు ఎక్కుతూ క్లచ్ మీద నుంచి కాలు తీయకుండానే ఆక్సిలేటర్ తొక్కింది. కారంతా ఘాటుగా కమురు వాసన. ఆమె నా వైపు భయంగా చూసింది. నేను తిడతానని ఎదురుచూసినట్టుంది. మామూలుగా అయితే తిట్టేదాన్నే, నాకు ఓపిక తక్కువ. కానీ ఆ వాసన ముక్కుకు తగిలితే దేవదానం సార్ పక్క సీట్లో వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది. అద్దాలు దించి, మళ్లీ మొదటి నుంచి చేయమన్నాను.

నంద్యాలలో స్టీరింగు పట్టుకోవడం వచ్చిన వాళ్లలో చాలామందికి నేర్పింది దేవదానం సారే. బక్కపలచటి మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కారు ముందు అద్దం మీద బైబిలు వాక్యం. స్టవ్వులు రిపేరు చేసే దుకాణందారు కూతురు కారు నేర్చుకోవడమేమిటని మా బంధువులంతా గుండెలు బాదుకుంటున్న రోజుల్లో నేను ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక్కటే అడిగారు.

"కండ్లు బాగా కనపడతాయా?"

"కనపడతాయి సార్."

"అయితే కూచో."

ఆయన నేర్పే పద్ధతి వేరు. కదిలే ముందు అద్దం చూడాలి, ఇండికేటర్ వేయాలి, హారన్ కొట్టాలి. ఖాళీ మైదానంలో అయినా సరే, ఈ మూడూ చేయకపోతే కారులోంచి దించేసేవారు. ఇంకొకటి, మంచి వేగం మీద బ్రేకు వేయించి, కారు ఆగాక మమ్మల్ని వెనక్కి నడిపించేవారు. బ్రేకు తొక్కిన చోటి నుంచి కారు ఆగిన చోటి దాకా ఎండలో నడవాలి. "ఈ దూరం నీది కాదు పాపా, దావన పోయేటోళ్లది. వాళ్లను అడక్కుండా తీసుకుంటాండావ్," అనేవారు. తర్వాత ఆడవాళ్లకు నేర్పడానికి నన్నే పనిలో పెట్టుకున్నారు. నేను కోపిష్టిదాన్ని, ఆయన మొండి మనిషి. ఎలా కుదిరిందో గానీ మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఆయనకు ఒక్కడే కొడుకు, సునీల్. మంచివాడు, నవ్వు ముఖం. వాడికి వేగం పిచ్చి. పాత కారొకటి కొని, దానికే రాత్రింబగళ్లు సేవ చేసేవాడు. ఒకరోజు నేను ఆఫీసులో ఉండగానే వచ్చి తండ్రి ముందు నిలబడ్డాడు.

"నాయనా, బెంగుళూరు పక్కన పాత విమానాల రన్‌వే మీద కార్ల పందెం పెడతాండారు. డ్రాగ్ రేస్ అంటారు, రెండు కార్లు పక్కపక్కన తిన్నగా పోతాయి. హెల్మెట్ ఉంటాది, అంబులెన్స్ ఉంటాది. ఎదురు ఎవరూ రారు. ఒక్కసారి పోయొస్తా."

సార్ తల కూడా ఎత్తలేదు. "నా బోర్డు కింద బతికేటోడు పందేలకు పోతాడా? ఊరంతా ఏమనుకుంటాది? పోయేది లేదు."

"రోడ్డు మీద కాదు నాయనా..."

"లేదంటాండా కదా."

వాడు నా వైపు చూసి నవ్వి వెళ్లిపోయాడు. తర్వాత కొన్నాళ్లకే, తెల్లవారుజామున నంద్యాల–ఆళ్లగడ్డ రోడ్డు మీద స్నేహితుడితో పందెం కట్టి, వెనక లైటు లేని చొప్ప ట్రాక్టరును గుద్దుకుని చనిపోయాడు. ఆ ఉదయం సార్ అక్కడికి వెళ్లి, రోడ్డు మీద బ్రేకు గీతల పొడవునా నడిచారని ఎవరో చెప్పారు. నాకు వినాలనిపించలేదు.

ఇంటికి వచ్చినవాళ్లంతా తలా ఒక ఓదార్పు మాట చెప్పారు. దేవుడు పిలుచుకున్నాడని పాస్టర్ గారు, రాత అని మా నాన్న, ట్రాక్టరు వాడిదే తప్పని మిగతా అందరూ. సార్ అన్నిటికీ తల ఊపారు. ఏడాది తిరిగాక ఒకరోజు నన్ను పిలిచి, "ఆ పందెం మళ్లా పెడతాండారంట. మన కారు తీస్కొని పోదాం. నువ్వు నడపల్ల, నేను బయట నిలబడి చూడల్ల," అన్నారు. ఎందుకని అడగలేదు. అప్పటికి నాకు పెళ్లయింది. మా ఆయన, "సార్‌తోనే కదా, పోయిరా," అన్నాడు.

మేము పట్టుకుపోయింది రోజూ పాఠాలు చెప్పే ఆ తెల్ల కారునే. పైన డ్రైవింగ్ స్కూలు బోర్డు, ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం. అక్కడి కుర్రాళ్ల నవ్వులకు అంతు లేదు. తనిఖీ చేసే అతను బోర్డు తీయించాడు, స్టెప్నీ, జాకీ, మ్యాట్లు దించమన్నాడు. తర్వాత ఎడమ సీటు కింద తొంగిచూసి, నేర్పేవాళ్ల కోసం అమర్చిన రెండో బ్రేకును పట్టుకున్నాడు. అది ఉంటే లోపలికి పంపనన్నాడు. సార్ స్పానర్ తీసుకుని తానే వంగి ఊడదీశారు. ఆ రెండో బ్రేకు లేకుండా నేను ఆ కారు నడపడం అదే మొదటిసారి. బుర్ఖా మీద హెల్మెట్ బిగించుకుని స్టీరింగు ముందు కూర్చున్నాను.

పక్కన ఇంకో కారు. ఎదురుగా తిన్నటి దారి. పచ్చ దీపం వెలిగింది. నేను అద్దం చూశాను, ఇండికేటర్ వేశాను, హారన్ కొట్టాను. అప్పటికి పక్క కారు ఎక్కడికో పోయింది. జనం ఈలలు వేసి నవ్వుతుంటే నాకు సిగ్గూ కోపమూ కలిసి వచ్చి ఆక్సిలేటర్ అణగదొక్కాను. ఇంజను అరిచింది, స్టీరింగు వణికింది, ఒళ్లంతా ఏదో కొత్త సంతోషం పాకింది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. సునీల్ ఏం కోరుకున్నాడో నాకు ఆ క్షణంలో తెలిసింది. ముగింపు గీత దాటగానే అలవాటుగా బ్రేకు గట్టిగా తొక్కాను. అక్కడి మనిషి పరిగెత్తుకొచ్చి, "నిదానంగా ఆపండమ్మా, తొందరేం లేదు. ముందర ఇంకా చాలా దారి వదిలిపెట్టినాం," అన్నాడు.

తిరిగి వచ్చేసరికి సార్ నిలబడిన చోట లేరు. ఆయన కుడికాలు ఉన్నచోట ఎర్రమట్టిలో మడమ అచ్చు లోతుగా దిగబడి ఉంది. కారు పరిగెడుతున్నంతసేపూ ఆయన నేల మీదే బ్రేకు తొక్కారు. వెతుక్కుంటూ వెళ్తే, పందేలు మధ్యాహ్నం భోజనానికి ఆపినప్పుడు అనుమతి అడిగి, గీత అవతల రన్‌వే మీద ఒక్కరే నడుస్తూ కనిపించారు. నేను పక్కన చేరాను. ఆ దారి ఎంతకీ తరగలేదు. పరిగెత్తే దారి కంటే ఆపుకునే దారే పొడవు. చివర్లో ఇసుక పోసి ఉంది, దాని పక్కన అంబులెన్స్. సార్ ఆ ఇసుక దగ్గర ఆగారు.

"ఆపుకోడానికి ఇంత జాగా పెట్టినారమ్మా," అన్నారు. నా వైపు చూడకుండానే అడిగారు. "ఆ పొద్దు నేను సరే అనింటే వాడు బతికిండేటోడా? అందరి మాదిరి చెప్పొద్దు. నిజం చెప్పు."

ఈ మనిషి నాకెప్పుడూ తీపి మాటలు చెప్పలేదు. బాగా నడపనప్పుడు బాగా నడిపావని ఒక్కసారి కూడా అనలేదు.

"బతికిండేటోడు సార్," అన్నాను.

ఆయన తల ఊపారు. తర్వాత ఇసుక పక్కన కూర్చుని, ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చారు. కొడుకు పోయిన రోజు కూడా ఆయన ఏడవగా నేను చూడలేదు.

ఆ తర్వాత ఆయన చర్చికి వెళ్లడం మానేశారు. పాఠాలు మాత్రం మానలేదు. తర్వాత నేను ఆళ్లగడ్డకు మార్చుకున్నది ఆయన స్కూలునే. స్కూలు నా చేతుల్లో పెట్టేసిన రోజున, చనిపోవడానికి కొద్ది నెలల ముందు, ఆ మాట ఆయనే ఎత్తారు. "నువ్వొక్కదానివే నిజం చెప్పినావ్. మంచి పని చేసినావ్ పాపా. కానీ ఆ పొద్దు నుంచి నిద్ర లేదు." రెండూ ఒకే గొంతుతో అన్నారు. నేను క్షమించమని అడగలేదు, ఆయన అందుకోసం చెప్పలేదు.

ఇప్పుడు పందెం పెట్టినప్పుడల్లా వేగం పిచ్చి ఉన్న పిల్లల్ని నేనే తీసుకుపోతున్నాను. ముందు వాళ్ల తండ్రులతో మాట్లాడతాను. ప్రతి తండ్రీ అదే అడుగుతాడు. పోయిన వారం ఒక ఎరువుల దుకాణం ఆయన తన కొట్లోనే నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "ఏం కాదు కదా మేడమ్? ఏం కాదని ఒక్క మాట చెప్పు, పంపిస్తా."

అంటే పోయేది ఏముంది, అందరూ అనే మాటే. నోటిదాకా వస్తుంది.

"ఆ మాట నేను చెప్పలేనప్పా," అన్నాను. "కానీ నువ్వు వద్దన్నా వాడు యాడో ఒకచోట తోల్తాడు. యాడ తోల్తాడో అది మాత్రం నువ్వు చెప్పొచ్చు."

ఆయన చాలాసేపు నన్ను ద్వేషిస్తున్నట్టు చూశాడు. తర్వాత బయట నిలబడ్డ కొడుకును లోపలికి పిలిచాడు.